అచ్చియ్యమ్మ తలుపు

వినండర్రా, చిన్నా పెద్దా. మీ ముత్తవ్వకి ఇంకా పాలపళ్లు రాని కాలం. గోదారి పాయ ఒడ్డున ఒక పడవల రేవు ఉండేది. రేవు వెనక ఒక వీధి. ఆ వీధిలో ఆడవాళ్లను కొనేవాళ్లు, అమ్మేవాళ్లు. ఏడవకుండా పడుండాలని వాళ్లకి సారా పోసేవాళ్లు. పగలు ఊరు ఆ వీధిని చూసి ఉమ్మేది. చీకటి పడితే అదే ఊరు చెప్పులు చేత్తో పట్టుకుని అక్కడికే పోయేది. ఆ సిగ్గు ఎవరిదో మీరే చెప్పండి.

రేవులో అచ్చియ్యమ్మ అని ఒక ముసలామె. కొబ్బరి పీచుతో పడవలకి తాళ్లు పేనేది. తాడు ఒక్కరి పని కాదు. ఒకరు రాట్నం తిప్పాలి, ఇద్దరు పీచు అందిస్తూ వెనక్కి వెనక్కి నడవాలి. మొగుడు పోయాక ఆమెకి మనుషులు కరువయ్యారు. ఆ వీధి నుంచి తప్పించుకొచ్చిన దాలమ్మని ఇంట్లో పెట్టుకుంది. ఊరు నోరు నొక్కుకుంది.

"నాకు చేతులు కావాలి. వాటి కథలు మీరే చెప్పుకోండి," అంది అచ్చియ్యమ్మ.

ఆ తర్వాత మాణిక్యం వచ్చింది. సారా మానేసరికి చేతులు వణికేవి, పీచు జారిపోయేది. మూడో రోజున వీధికే పారిపోయింది. వారానికి తిరిగొచ్చి వాకిట్లో నిలబడింది. ఎక్కడికి పోయావని అచ్చియ్యమ్మ అడగలేదు.

"తాడు సగంలో ఉంది, పట్టుకో," అంది.

మళ్లీ పారిపోయింది. మళ్లీ వచ్చింది, ఈసారి ఒంటినిండా దెబ్బలతో.

"తాడు సగంలో ఉంది, పట్టుకో," అంది అచ్చియ్యమ్మ.

అప్పుడొక కబురొచ్చింది. మాణిక్యం ఇంకోసారి ఆ వీధిలో దొరికితే ఓడెక్కించి సముద్రం అవతలికి అమ్మేస్తారట. సంత రోజున అచ్చియ్యమ్మ దాలమ్మతో కలిసి తాళ్లు అమ్మడానికి వెళ్తూ, మాణిక్యాన్ని లోపల ఉంచి బయట గొళ్ళెం పెట్టింది. మంచికే అనుకుంది.

పొద్దు వాలాక వచ్చి గొళ్ళెం తీస్తే, పెట్టి వెళ్లిన అన్నం అలాగే ఉంది. మాణిక్యం మూలన ముడుచుకుని ఉంది. తలుపు గీకి గీకి గోళ్లు విరిగాయి.

"పెద్దమ్మా, ఎవర్ని పంపుతున్నావు లోపలికి?" అని అడిగింది.

అచ్చియ్యమ్మకి అర్థం కాలేదు. దాలమ్మ మెల్లగా చెప్పింది. "ఆ వీధిలో గొళ్ళాలన్నీ బయటే ఉంటాయక్కా. అది తీసిన ప్రతిసారీ ఒక మగాడు వస్తాడు."

అచ్చియ్యమ్మ పీచు కొట్టే గూటం తీసుకుంది. ఒక దెబ్బ వేసింది. రెండు వేసింది. మూడో దెబ్బకి గొళ్ళెం ఊడిపడింది. దాన్ని పాయలోకి విసిరేసి వచ్చింది.

"తప్పు నాదమ్మా. లోపల గడియ ఉంది, అది నీ చేతిలోది. పోవాలంటే పో. ఉండాలంటే నువ్వే వేసుకో."

మాణిక్యం లేచి బయటికి నడిచింది. ఆపబోయిన దాలమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది అచ్చియ్యమ్మ. మాణిక్యం రేవు దాకా వెళ్లింది. అక్కడ నిలబడింది, చాలాసేపు. తర్వాత వెనక్కి వచ్చి, తన చేత్తో గడియ వేసుకుని, మర్నాడు ఎండెక్కేదాకా నిద్రపోయింది. మళ్లీ ఆ వీధి మొహం చూడలేదు.

ముగ్గురు ఆరుగురయ్యారు, ఆరుగురు పన్నెండుమందయ్యారు. ఆ ఇంటి తాడు కట్టిన పడవ వరదకి కూడా కదలదని సరంగులు చెప్పుకునేవారు. అచ్చియ్యమ్మ పోతే పాడె మొయ్యడానికి ఊరు వెనకాడింది. ఆ ఆడవాళ్లే మోశారు, బాగానే మోశారు.

ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. తాగుడు నుంచి, ఆ బతుకు నుంచి బయటపడ్డ ఆడవాళ్లు ఏడాదో రెండేళ్లో ఉంటారు. పని నేర్చుకుని, ఒళ్లు కుదుటపడ్డాక తమ దారిన వెళ్తారు. తలుపుకి బయట గొళ్ళెం మాత్రం ఎవరూ పెట్టనివ్వరు. గొళ్ళెం లేని ఇంటిని ఖాళీగా వదలలేరు కదా. అందుకని పెళ్లికైనా తీర్థానికైనా అందరూ కలిసి వెళ్లరు. ఏ వేళ ఎవరొచ్చి తలుపు తట్టినా పలకడానికి ఒకరు ఉండిపోతారు. బయల్దేరే ముందు వాకిట్లో నిలబడి ఒకళ్లనొకళ్లు అడుగుతారు, "ఇవాళ అచ్చియ్యమ్మ ఎవరే?" అని.

"నేనే, మీరు వెళ్లండి," అంటుంది ఒకామె లోపలి నుంచి.