ఈకల పురుగు

సత్తార్‌కి ఏరంటే విసుగొచ్చింది. అలాంటిలాంటి విసుగు కాదు. పొద్దున లేచి నీళ్ల చప్పుడు వింటేనే ఒళ్లు బరువెక్కేది.

ఒకప్పుడు అదే ఏరు అతనికి ప్రాణం. కాశ్మీరు కొండల్లో మంచు కరిగి పారే ఆ చల్లటి నీళ్లలో ట్రౌట్ చేపలుంటాయి. వాటికి వానపాముల్ని ఎర వెయ్యరు. చిన్న ఇనప ముల్లు చుట్టూ కోడి ఈక, పట్టుదారం చుట్టి రెక్కల పురుగులా తయారుచేసి, నీటి మీద మెల్లగా వాలేలా విసురుతారు. చేప నిజం పురుగే అనుకుని పైకి లేస్తుంది. సత్తార్ బడి ఎగ్గొట్టి, నాన్న చేత దెబ్బలు తిని మరీ నేర్చుకున్న విద్య అది. ఇష్టమైన పనే బతుకుతెరువైతే ఇంకేం కావాలనుకుని, యాత్రికుల్ని ఏటికి తీసుకెళ్లి చేపలు పట్టించే గైడ్ అయ్యాడు. ఏళ్లు గడిచేసరికి, మిఠాయి కొట్టువాడికి తీపి మొహం మొత్తినట్టు, అతనికి ఏరు మొహం మొత్తింది.

చివరికి, ఎల్లుండి నుంచి వచ్చి ఆపిల్ మండీలో కూర్చుంటానని బావకి మాట ఇచ్చేశాడు. ఆ సంగతి కుద్దూస్ బాబాకి చెప్పకుండా ఎలా? బాబా సూఫీ గురువు. దర్గా పక్కన చిన్న కొట్లో రాగి గిన్నెలకి కళాయి వేసి, టీ కాచే సమోవార్లకి అతుకులు వేసి పొట్టపోసుకుంటాడు.

సత్తార్ వెళ్లేసరికి బాబా ఒక సమోవారుని ఒళ్లో పెట్టుకుని దాని కొమ్ము అతుకుతున్నాడు.

“బాబా, ఈ పని వదిలేస్తున్నాను. అలిసిపోయాను.”

“ఏం నాయనా, చేపలు పడటం లేదా?”

సత్తార్‌కి ఎక్కడలేని రోషం వచ్చింది. “నన్ను నమ్మి వచ్చినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు ఖాళీ చేతులతో పోలేదు బాబా! చేప లేచిందంటే గాలం కర్ర నేనే అందుకుంటాను. దాన్ని ముల్లుకి తగిలించి వాళ్ల చేతికిస్తాను. ఫోటో తీసుకుని వెళ్తారు.”

“వాళ్లు సరే. నువ్వో?”

సత్తార్ తల దించుకున్నాడు.

బాబా చెయ్యి చాపాడు. ఆ లోయలో ఒక ఆనవాయితీ ఉంది. గాలం వేసేవాళ్లు కొత్తగా కట్టిన ఈకల పురుగుని బాబా చేతికిస్తారు. ఆయన దువా చదివి, దాని మీద ఊది తిరిగి ఇస్తాడు. సత్తార్ అది మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు కాదనలేక టోపీకి గుచ్చిన పురుగుని తీసి ఇచ్చాడు. బాబా పనిముట్ల వైపు తిరిగి కూర్చుని, పెదాలు కదిపి, ఊది ఇచ్చాడు.

“ఈవేళ దీన్నే వాడు. నేనూ వచ్చి గట్టున కూర్చుంటాను.”

ఆవేళ ఏటికి వచ్చింది ఇందుమతి అని, నాగపూర్‌లో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ. నిన్న కూడా వచ్చింది. నిన్న సత్తార్ పెద్ద చేపనే పట్టి చేతికిచ్చాడు. “బాగుంది” అని, ఎండ ఉండగానే బసకి వెళ్లిపోయింది.

సత్తార్ దారానికి పురుగు కట్టాడు. అలవాటైన చేతులు, ముడి వాటంతటవే వేసేశాయి. కళ్లు ఆ పని చూడటం ఏనాడో మానేశాయి.

ఇందుమతి విసిరింది. చేప లేచింది, పురుగుని నోట కరిచింది, దారం లాగింది, జారిపోయింది. మళ్లీ విసిరింది. మళ్లీ అదే వరస. చేతికందింది నోటికందలేదన్నట్టుంది.

“ఇలా ఇవ్వండి మేడమ్,” అని సత్తార్ కర్ర లాక్కున్నాడు. చేప వచ్చింది. సరైన క్షణంలో కర్ర ఎత్తాడు. దారం ఖాళీగా తేలింది! మళ్లీ వేశాడు. మళ్లీ ఖాళీ. గట్టున బాబా ఉన్నాడాయె, సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పైజామా తడుస్తున్నా చూసుకోకుండా నడుంలోతుకి దిగాడు.

“దొంగవెధవా, మళ్లీ వదిలేశావా!” అని చేపని తిట్టాడు.

“అదిగో, ఆ రాయి వెనక!” అని ఇందుమతి అరిచింది. “నాకివ్వు భాయ్, నేను వేస్తాను!”

ఇచ్చాడు. ఆవిడ వేసింది, పోగొట్టుకుంది, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తర్వాత ఇతని వంతు. ఇతనూ నవ్వాడు. ఆ నవ్వు విని తనే ఆశ్చర్యపోయాడు. ఇది ఇంకా నాలో ఉందా అనుకున్నాడు.

ఎండ కొండ మీదికి పాకాక, తడిసిన ఈకలు ఆరబెట్టడానికి పురుగుని పెదాల దగ్గరికి తెచ్చుకుని ఊదాడు. అప్పుడు చూశాడు దాన్ని. ముల్లుకి మొన లేదు. పటకారుతో కొరికినట్టు నున్నగా తెగి ఉంది.

ఇందుమతి చెప్పులు తొడుక్కుంటోంది. “ఒక్కటీ పడలేదు కదూ! నిన్నటి చేప ఎలా ఉందో కూడా నాకు గుర్తులేదు భాయ్. ఈవేళ పోయినవన్నీ గుర్తుంటాయి. ఇంకో రెండు రోజులు ఉండిపోతాను. రేపు, ఎల్లుండి కూడా ఏటికే!”

ఎల్లుండి మండీలో ఉండాలి. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ రోడ్డెక్కి వెళ్లిపోయింది.

సత్తార్ గట్టెక్కి, బాబా ముందు అరచెయ్యి చాపాడు. అందులో మొన లేని పురుగు.

బాబా జేబులోంచి చిన్న గుడ్డమూట తీసి విప్పాడు. లోపల చీమ తలంత ఇనప ముక్క.

“ఇదిగో నీ మొన. కావాలంటే అతికిస్తాను. నా వృత్తే అది.”

సత్తార్ మొనని చూశాడు. ఏటిని చూశాడు. రాయి వెనక నీళ్లు మెల్లగా కదిలి, గుండ్రంగా విచ్చుకున్నాయి.

“ఇంకా కాస్త వెలుతురుంది బాబా,” అన్నాడు, పురుగుని గుప్పిట్లో మూసి మళ్లీ నీళ్లలోకి దిగుతూ.