మంటపంలో అడ్డుగోడ

ఎండలు ముదిరి అడవిలోని మడుగు సగానికి ఎండిపోయింది. గేదెలు నీళ్లలో దిగితే పొద్దు గూకేదాకా లేచేవి కావు. జింకలకు బురదే మిగిలేది. చివరికి పెద్ద జింక చుక్కమ్మ తనవాళ్లందరినీ తీసుకొచ్చి మడుగు గట్టున, సింహం గుహ ఎదుట కూర్చుంది. "మా వాటా నీళ్లు మాకివ్వాలి!" అని రోజూ కేకలు. ఎదురుగా గేదెల రంకెలు.

సింహానికి నిద్ర కరువైంది. రాళ్లెత్తి కట్టడాలు కట్టే ఏనుగు గౌరమ్మ దగ్గరికి మంత్రి నక్క వెళ్లింది.

"గౌరమ్మా, గట్టున ఓ మంటపం కట్టాలి. రెండు జట్లూ నీడపట్టున కూర్చుని మాట్లాడుకుంటాయి."

గౌరమ్మ కళ్లు చెమర్చాయి. "నా మనసులో మాటే అన్నావయ్యా! గుండ్రంగా కడతాను. ఎవరు ఎటునుంచైనా రావచ్చు."

"బాగుంది. కాకపోతే మధ్యలో ఓ గోడ పెట్టు. అటు జింకలకో దారి, ఇటు గేదెలకో దారి చాలు."

"గోడ దేనికి?"

"కోపాలు చల్లారేదాకానేలే. రేపు కొట్టుకు చస్తే ఆ పాపం నీకే కదా!"

గౌరమ్మ మెత్తబడింది. నక్క చెప్పినట్టే మధ్యలో గోడతో, అటొకటి ఇటొకటి రెండే దారులతో మంటపం లేచింది. మడుగు మాత్రం గోడకు అవతల, గేదెల వైపు ఉండిపోయింది.

"వదినా, నీళ్లడిగితే నీడ ఇచ్చావు" అంది చుక్కమ్మ.

"కాస్త ఓపిక పట్టమ్మా. గొడవ సద్దుమణగగానే ఆ గోడ నేనే తీసేస్తాను."

గొడవ సద్దుమణగలేదు. ఒకనాటి మధ్యాహ్నం జింకలు మంటపంలో ఉండగా కొండమీంచి కార్చిచ్చు దిగి, వాటికున్న ఆ ఒక్క దారినీ మూసేసింది. జింకలు గోడను గిట్టలతో తన్నుతూ గగ్గోలు పెట్టాయి. గౌరమ్మ పరుగున వచ్చి తలతో గోడను కుమ్మింది. గట్టిగా కట్టిన గోడ, ఓ పట్టాన కూలలేదు. నుదురు చిట్లాక సందు పడింది. ఆ సందులోంచి జింకలు ఒక్కొక్కటే నీళ్లలోకి దూకాయి. అందరినీ ముందుకు తోస్తూ వెనక నిలబడ్డ చుక్కమ్మ మాత్రం బయటికి రాలేదు.

మంటలు ఆరాక గౌరమ్మ ముసలి గేదెను అడిగింది. "గోడ పక్కనే ఉన్నారుగా, అరుపులు వినపడలేదా?"

గేదె తల దించుకుంది. "వినపడ్డాయమ్మా. రోజూ అరిచేదేగా అనుకున్నాం."

నక్క దగ్గరికొచ్చి ఓదార్చబోయింది. "ఊరుకో గౌరమ్మా, నువ్వు మంచికేగా కట్టావు!"

గౌరమ్మ గోడ వైపు నడిచింది. మిగిలిన గోడను ఒక్కో రాయీ పెరికి లోయలోకి దొర్లించింది. ఆ తర్వాత ఆ అడవిలో ఆమె ఇంకేమీ కట్టలేదు.

కట్టినవాళ్ల మనసు ఎంత మంచిదైనా, గోడ గోడ పనే చేస్తుంది.