వంకాయలకి బలం మాత్రలు

గెడ్డవలసలో గవరయ్య ఇంట్లో ముగ్గురే మనుషులు. గవరయ్య, అతని పెళ్ళాం పైడమ్మ, ఆమె తమ్ముడు సన్యాసి. బుర్రలు మాత్రం ఊరు మొత్తానికి సరిపడా ఉన్నాయని వాళ్ళ నమ్మకం.

"ఊళ్ళోవాళ్ళు ఒకటి వింటారు, ఇంకోటి చేస్తారు. మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం," అని పైడమ్మ గర్వంగా చెప్పుకునేది.

అలాంటి పైడమ్మకి నీరసం పట్టుకుంది. బిందె ఎత్తితే కళ్ళు తిరుగుతున్నాయి, గుమ్మం దాటితే ఆయాసం. పోతానేమోనని లోలోపల ఒకటే దిగులు. ముగ్గురూ కలిసి ఆస్పత్రికెళ్ళారు.

డాక్టరమ్మ పైడమ్మ కంటిరెప్ప కిందికి లాగి చూసింది. "ఏం తింటున్నావమ్మా?"

"మా పెరట్లో కాసినవే. వంకాయలూ ఆనపకాయలూ."

"ఇప్పటి కూరల్లో వెనకటి బలం లేదమ్మా. ఆ లోటుకి ఈ మాత్రలు. అన్నం తిన్నాక ఒకటి."

ఇంకేముంది, ఇంటికి రాగానే ఆలోచన మొదలు.

"బలం ఎవరికి లేదంది?" అన్నాడు గవరయ్య.

"కూరలకి," అంది పైడమ్మ.

"అయితే మందెవరికి?"

"కూరలకే!"

సన్యాసికి అనుమానమొచ్చి, ఓ ఆనపకాయ మీద ధాన్యం బస్తా పెట్టి చూశాడు. కాయ ఫట్‌మని చితికిపోయింది. "నిజమే అప్పా! ఒక్క బస్తా మొయ్యలేకపోయింది!" అన్నాడు అక్కతో.

పైడమ్మకి జాలేసింది. నాకంటే దీనికే ఎక్కువ నీరసం అనుకుంది.

అన్నం తిన్నాక కదా మాత్ర! పప్పన్నం కలిపి వంగ మొక్కల మొదట్లో ముద్దలు పెట్టారు. మొక్కలు ముట్టలేదు.

"మనం చూస్తుంటే ఎలా తింటాయి? మొహమాటం," అంది పైడమ్మ. అంతే, ముగ్గురూ వెనక్కి తిరిగి నిలబడ్డారు. ఈలోగా కోళ్ళొచ్చి శుభ్రంగా తినేసిపోయాయి. తిరిగి చూస్తే ముద్దల్లేవు.

"ఎంత ఆకలి మీదున్నాయో పాపం!" అని పైడమ్మ కళ్ళు తుడుచుకుని, కాయకో గాటు పెట్టి మాత్ర కుక్కింది. నాలుగు రోజులకి కాయలు కుళ్ళి, ఉబ్బి నల్లబడ్డాయి.

"ఒంటికి పడుతోందే!" అని గవరయ్య గంతులేశాడు. వాటినే కూర వండుకుని తిన్నారు. ఇంకేముంది, ముగ్గురికీ ఒకటే విరేచనాలు. పైడమ్మ గోడ పట్టుకుని నడవాల్సొచ్చింది.

"మాత్రలు అయిపోయాయా?" అనడిగింది డాక్టరమ్మ, ముగ్గురూ మళ్ళీ ఆస్పత్రికెళ్తే.

"వంకాయలన్నీ వేసుకున్నాయమ్మా."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "మందు నీకమ్మా! నీ ఒంట్లో ఇనుము తక్కువ. మీ పెరటి నేలలోనే సారం తగ్గిపోయింది, ఇనుమూ తగ్గింది. ఇంక కాయలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని ఇంకో సీసా ఇచ్చింది.

"లోటు నేలలో ఉంటే మధ్యలో మన పైడి మింగితే ఏం లాభం?" అన్నాడు గవరయ్య దారిలో. అంతే, ఇంట్లో ఉన్న ఇనుమంతా పెరట్లో పాతేశారు. పెనం, అట్లకాడ, కత్తిపీట, కొడవలి, తలుపు గొళ్ళెం. చివరికి గునపంతో గొయ్యి తవ్వి, గునపాన్నీ అందులోనే పాతారు.

మర్నాడు అట్టు వేద్దామంటే పెనం లేదు. తవ్వి తీద్దామంటే గునపం లేదు.

"గునపం తియ్యడానికి గునపం కావాలి బావా," అన్నాడు సన్యాసి.

"అది దొరికితే దీన్ని తియ్యడమెందుకురా?" అన్నాడు గవరయ్య.

ఇద్దరూ అక్కడే కూర్చుని వాదించుకుంటుంటే, కడుపులో ఏమీ లేక పైడమ్మ దబ్బున పడిపోయింది.

ఇద్దరూ లబోదిబోమంటూ ఆమెని మోసుకెళ్ళారు. ఈసారి డాక్టరమ్మ ఓ అరటిపండు తినిపించి, మాత్ర నాలిక మీద పెట్టింది. "మింగు. రోజూ ఇక్కడికొచ్చి, నా కళ్ళముందే మింగు."

ఇంత చిన్న మాట ముందే చెప్పొచ్చుగా అనుకుని పైడమ్మ మింగింది. రోజూ వచ్చి మింగింది. పోనుపోను బుగ్గల్లో రంగొచ్చింది, రెండు బిందెలు ఎత్తగలిగింది. ఇంక చావు లేదని నవ్వుకుంది.

డాక్టరమ్మ మళ్ళీ రక్తం చూసి సంతోషించింది. "భేష్! ఇప్పుడు నీ ఒంట్లో ఇనుము బాగా ఉందమ్మా."

ముగ్గురూ ఆనందంగా ఇంటిదారి పట్టారు. సగం దారిలో ఉరిమింది, టపటపా చినుకులు మొదలయ్యాయి. గవరయ్య మబ్బులకేసి చూసి, పెళ్ళాంకేసి చూశాడు.

"ఒరే సన్యాసీ! మీ అప్ప తుప్పు పట్టిపోతాదిరా!"

అంతే, ఇద్దరూ ఆమెని దారి పక్కన ఆపి ఉన్న ఎడ్లబండి కిందికి తోసి, దాని ఇరుసుకి పూసే కందెన తీసి నెత్తి నుంచి కాళ్ళదాకా పట్టించారు. నల్లగా నిగనిగలాడుతూ పైడమ్మ మోకాళ్ళు ముందుకు చాపింది.

"ఇక్కడ ఇంకాస్త పుయ్యి మావా. కిర్రుకిర్రుమనేది ముందు కీళ్ళ దగ్గరే!"