రేవు కళ్ళంలో నలభై మూటలు

రేయ్, దమ్ముంటే ఇది నమ్ము చూద్దాం. ఎవడూ అగ్గిపుల్ల గియ్యలేదు, పిడుగు పడలేదు, అయినా ఒక రేవు రేవంతా తగలబడిపోయింది. జంతువుల రేవు. అప్పుడే నవ్వకు. మొత్తం విన్నాక కూడా నవ్వొస్తే అప్పుడు నవ్వు.

ఏరు సముద్రంలో కలిసే చోట ఒక అడివి. ఎండాకాలం వస్తే ఇవతల ఒడ్డున గడ్డిపోచ మిగలదు. అవతల ఒడ్డు మాత్రం పచ్చగా ఉంటది. మధ్యలో ఏరు, అందులో మొసళ్ళు. అందుకని అవతలోళ్ళు గడ్డి మూటలు కట్టి, ఆకులు గంపల్లో పెట్టి పెద్ద తాబేళ్ళ వీపుల మీద పంపిస్తారు. ఇవతల తాబేలు ఆగడానికి ఉన్నది ఒకటే బండ. ఒకేసారి ఒక్క తాబేలే పడుతుంది.

ఆ బండ దగ్గర సరుకు దించేది సింహాద్రి అనే ఎద్దు. కొమ్ములతో మూట ఎత్తుతాడు, వెనకాల కళ్ళంలో పరుస్తాడు. ఏటి నీళ్ళకి తడిసుంటది కదా, ఒక రోజు ఎండాలి. ఎండాక ఎవడి మూట వాడొచ్చి గాడిదల మీద వేసుకుపోతాడు. ఖాళీ గంపలు మళ్ళీ తాబేళ్ళ మీద వెనక్కెళ్తాయి. రోజూ ఇదే పని.

రెండే రెండు రూల్స్. తాబేళ్ళు వచ్చిన వరసలోనే ఆగాలి. సరుకు దించి పెట్టాక, మూట మీద ఎవడి కాలి ముద్ర ఉంటే వాడే ముట్టాలి, ఇంకొకడు ముట్టకూడదు. సింహాద్రి తాత పెట్టిన రూల్స్ అవి. సింహాద్రిని నిద్రలో తన్ని లేపినా ఇవే అప్పజెప్తాడు. మనిషి, అదే, ఎద్దు అంత మంచోడు. వాడితో వచ్చిన గొడవే అది.

ఇప్పుడు నూకరాజు. నక్క. ఎండలు ముదరకముందే నలభై మూటల గడ్డి తెప్పించి, బండ పక్కనే మంచి చోటు చూసి పెట్టించాడు. నక్కకి గడ్డి ఎందుకు? ఎవడికైనా డౌట్ రావాలి కదా. సింహాద్రికి రాలేదు.

"మూటలు ఎప్పుడు పట్టుకెళ్తావు బావా?" అన్నాడంతే.

"నా బొరియలో చోటేదీ బావా? ఇక్కడే ఉండనీ. ఎవడికి అడ్డం?"

అడ్డమే. కానీ ముద్ర ఉంది.

తర్వాత నూకరాజు కాకి దగ్గరికెళ్ళి, "నీకొక్కదానికే చెప్తన్నాను, ఏరు ఎండిపోతందంట, ఇంకో పది రోజులే తాబేళ్ళు వస్తాయంట" అన్నాడు. కాకికి ఒక్కదానికే చెప్పడం అంటే మైకు పెట్టి చెప్పడమే. సాయంత్రానికి అడివంతా వణుకు. ఒక మూట చాలినోడు మూడు మూటలకి కబురెట్టాడు. కుందేళ్ళు ఐదు. జింకలు పది. పంది అయితే ఏం కావాలో కూడా చెప్పలేదు, ఏదున్నా పంపెయ్యమంది.

నాలుగో రోజుకి ఏటి నిండా తాబేళ్ళే. ముప్పై పైన. కళ్ళం నిండిపోయింది. తడి మూట ఎండబెట్టడానికి చోటు లేదు. ఎండకపోతే ఎవడూ పట్టుకెళ్ళడు. పట్టుకెళ్ళకపోతే చోటు రాదు. ఖాళీ గంపలేమో మూటల కింద ఎక్కడో పడిపోయాయి. అవతల నుంచి కబురు, "గంపలు పంపండర్రా, ఆకులు దేంట్లో పెట్టమంటారు?" గాడిదలు వచ్చి నిలబడి, నిలబడి, తిట్టుకుంటూ ఖాళీగా వెళ్ళిపోయాయి. మర్నాడు రానేలేదు.

అప్పుడొచ్చింది అప్పయమ్మ. మేక. పది రోజుల కిందట ఇద్దరు పిల్లల్ని కంది. పాలు ఎండిపోయాయి.

"అన్నా, పైడితల్లి వరసలో ఎన్నోది?"

పైడితల్లి అంటే ముసలి తాబేలు. దాని వీపు మీద గంపలో పచ్చి అవిసాకు ఉంది. అది తింటే పాలు పడతాయి.

"పద్నాలుగోది చెల్లీ."

"నా పిల్లగుంటలకి పద్నాలుగు దాకా టైము నేదన్నా. రెండు రోజులుందేమో. దాన్ని ముందుకి పిలు."

"వరస తప్పితే ఎలాగమ్మా? నీకొదిలితే జింకలు ఊరుకుంటాయేటి?"

వరసలో ఉన్న తాబేలొకటి తల బయటపెట్టి, "మేం ఊరుకుంటాం గానీ నువ్వు పిలవ్వయ్యా" అంది. సింహాద్రి వినపడనట్టు నిలబడ్డాడు.

అప్పుడే నూకరాజు పక్క కొండ మీంచి నవ్వుకుంటూ దిగాడు. "ఏడవకు అప్పయమ్మా. నా దగ్గర నలభై మూటలున్నాయి. ఎండుగడ్డే అనుకో, కడుపు నిండితే కొంచెమైనా పాలు రావా?"

"నీకు పుణ్యముంటాది బాబూ, ఒక్క మూట ఇప్పించు."

"ఇస్తాను. గుంటలు ఇద్దరున్నారు కదా. చిన్నది ఎలాగూ బతకదు. దాన్ని నాకొదిలెయ్. పెద్దది బతుకుద్ది."

అప్పయమ్మ వెనక్కి రెండడుగులు వేసింది. పక్కనున్న కుందేలు గొణిగింది, "నన్ను మా బొరియ ఎక్కడో చూపించమన్నాడు. మూటకొక బొరియంట."

అప్పుడు అర్థమైంది సింహాద్రికి, నక్కకి గడ్డి ఎందుకో. ఒళ్ళు మండిపోయింది. కొమ్ములు దించాడు. ఒక్క కుమ్ము కుమ్మితే నలభై మూటలు ఏట్లో ఉంటాయి, కళ్ళంలో సగం ఖాళీ అవుద్ది, పొద్దుగూకే లోపు పైడితల్లి బండ మీద ఉంటది. ముక్కు మూటకి ఆనేదాకా వెళ్ళాడు. ఎదురుగా మట్టితో అచ్చు గుద్దిన నక్క కాలి ముద్ర.

ఆగిపోయాడు.

నూకరాజు కూడా ఒక క్షణం హడలిపోయాడు రా. కానీ ఎద్దు ఆగడం చూశాడు. చూసి, ఎంత తియ్యగా అన్నాడో, "చోటు లేకపోతే నన్నడగొచ్చు కదా బావా. పరవడం ఎందుకు? పైకి పేర్చు. నా మూటల మీదే పెట్టుకో, నేనేమీ అనుకోను. ఎంత ఎత్తు పేరిస్తే అంత చోటు."

"తడి గడ్డి పేర్చకూడదంటారు..."

"రెండు రోజులకేటి అవుతాది? ఆ గుంటల మొహం చూసి చెయ్."

సింహాద్రి పేర్చాడు. రెండు రోజులు తిండి లేదు, నడుం వాల్చలేదు. తడి మూటల మీద తడి మూటలు, ఆరు వరసల ఎత్తున, గాలి దూరే సందు లేకుండా. తాబేళ్ళు కదిలాయి కూడా. ఎనిమిది దిగాయి. సింహాద్రికి ప్రాణం లేచొచ్చింది. అప్పుడు జింక వచ్చి, "నా మూట ఏదీ?" అంది. అడుగున ఉంది. దాన్ని తియ్యాలంటే పైవి ఐదు దించాలి, మళ్ళీ ఎక్కించాలి. ఒక్క మూటకి పూట పోయింది. తర్వాత పంది వచ్చింది. దానిదీ అడుగునే. తాబేళ్ళ సరుకు దించడం ఆగిపోయింది. పైడితల్లి ఆరో నంబర్లో ఇరుక్కుంది.

మూడో రోజు పొద్దున సింహాద్రి ముక్కుకి ఏదో వాసన. పులిసిన వాసన. అడుగున నక్క మూటల సందులో మూతి పెట్టాడు. చురుక్కుమంది. కొలిమిలో పెట్టినట్టు.

"నూకరాజు బావా, పై తడి దిగి నీ మూటలు లోపల కాగుతున్నాయి. బేగి వచ్చి విప్పు, గాలి తగలాలి."

నక్క కొండ మీద నుంచే అరిచాడు. "నేనొచ్చేదాకా ముట్టకు. ముద్ర చూడు. మూటలు విప్పించి అందరికీ పంచుదామనా?"

సింహాద్రి ముట్టలేదు.

మధ్యాహ్నం గాలి తిరిగింది. ముందు పొగ సన్నగా, తర్వాత నల్లగా. తడి గడ్డి లోలోపల మగ్గి మగ్గి దానంతటదే అంటుకుంది. మంట పైకి లేచేసరికి కళ్ళం మొత్తం ఒకటే మూట అయిపోయింది. గంపలు, గడ్డి, జింకలవి, పందివి, అన్నీ. తాబేళ్ళు వేడికి నీళ్ళలో మునిగి దాక్కున్నాయి, వీపుల మీద సరుకుతో సహా. సింహాద్రి కొమ్ములతో మండే మూటల్ని ఏట్లోకి నెడుతూనే ఉన్నాడు. ఇప్పుడు ముద్రలు చూడలేదు. ఇప్పుడేం లాభం?

మర్నాటికి బూడిద. కళ్ళం ఎంత ఖాళీగా ఉందంటే, మిగిలిన తాబేళ్ళన్నీ మధ్యాహ్నం లోపే దిగిపోయాయి. ఒక్కటి కూడా ఆగలేదు.

నూకరాజు కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "నా నలభై మూటలేవిరా? ఎవడు ముట్టాడు?"

"అడుగువి ఎవడూ ముట్టలేదు. పెట్టిన చోటే ఉన్నాయి. పట్టుకెళ్ళు," అన్నాడు సింహాద్రి. మొహం, కొమ్ములు కాలి ఉన్నాయి. ఈసారి బావా అనలేదు.

నక్క చుట్టూ చూశాడు. ఇవ్వడానికి గడ్డి లేదు. గడ్డికి బదులు ఏం అడిగాడో అందరికీ తెలుసు. కుందేళ్ళు ఆ రోజే బొరియలు మార్చేశాయి. నూకరాజు ఆ ఎండాకాలం ఏం తిన్నాడో ఎవడికీ తెలీదు. వానలు పడ్డాక ఎముకలు కనపడ్డాయంట, కొండ వెనకాల.

పైడితల్లి ఆరో నంబర్లోనే వచ్చింది. గంప దించితే అవిసాకు నల్లగా, జిగటగా, కంపు. అప్పయమ్మ వచ్చింది. వెనకాల ఒక్క పిల్లే ఉంది. పెద్దది. గంప ముందు కూర్చుని కుళ్ళిన ఆకులు పక్కకి తీస్తూ, మధ్యలో ఇంకా పచ్చగా ఉన్న రెమ్మ దొరికితే నమిలింది. మొత్తం గంపలో ఏడు దొరికాయి. సింహాద్రి సాయం చేద్దామని మూతి పెడితే, తల కూడా ఎత్తకుండా అడిగింది.

"వరస తప్పలేదు కదా అన్నా?"

సింహాద్రి మూతి వెనక్కి తీసుకున్నాడు. అప్పయమ్మ ఇంకో కుళ్ళిన ఆకు పక్కకి తీసింది.

ఆఁ, వస్తన్నానే అక్కా! అరవకు! గ్యాస్ బండోడు వచ్చాడంట రా, సిలిండరు పైకి మొయ్యాలి. నీతి చెప్పేసి పోతా: దారికి అడ్డం పెట్టేది దుర్మార్గుడే, కానీ ఆ అడ్డానికి కాపలా కాసేది మంచోడు. ఆఁ వస్తన్నా అన్నానా, వాణ్ణి ఉండమ