పైడమ్మ చేట

అనగనగా ఒక రాజు. రాజు సంగతి అలా ఉంచండి. ఆయన ముగ్గురు కొడుకుల్లో చిన్నవాడు మణిదత్తుడికి అమ్మంటే ప్రాణం. ఆ అమ్మనే కరాళుడనే మంత్రగాడు రాతిబొమ్మను చేసి పోయాడు. వాడి ప్రాణమేమో ఒక చిలుకలో ఉంది. ఆ చిలుక తూర్పున ఏడు సముద్రాల అవతల, మనిషి ఎక్కలేని కొండకొమ్మున ఉంది. పున్నమిలోగా దాన్ని పట్టకపోతే రాణి ఇక కళ్లు తెరవదు.

రాజు పట్టుగుడ్డతో పే...ద్ద బుడగ కుట్టించాడు. దాని కింద బుట్ట, బుట్టలో నిప్పుల కుంపటి. గడ్డి వేస్తే ఆ వేడికి బుడగ లేస్తుంది, మంట తగ్గితే దిగుతుంది. ముందుకు నడిపేది మాత్రం గాలే.

"గాలి నా మాట వినదా?" అంటూ పెద్దవాడు ఎక్కాడు. గాలి వినలేదు. దక్షిణాన ముళ్లడవిలో పడేసింది. రెండోవాడు మంట దండిగా పెట్టి ఇంకాస్త పైకి పోయాడు. అక్కడి గాలి పడమటికి కొట్టింది. పాపం, ఎవరో ఇల్లాలు వడియాలు ఎండబెట్టిన మంచం మీద పడ్డాడు. దెబ్బలకన్నా తిట్లే ఎక్కువ తగిలాయి.

పున్నమి ఇక మూడు రోజులే. మణిదత్తుడు ఏడుపు దిగమింగుకుని ఒక కళ్లం పక్కన కూర్చున్నాడు. అక్కడ పైడమ్మ అనే రైతుబిడ్డ వడ్లు తూర్పారబడుతోంది. చేట ఎత్తేముందు ప్రతిసారీ గుప్పెడు పొట్టు వదిలి, అది ఎటు పోతుందో చూస్తోంది.

"ఎన్నిసార్లు చూస్తావు?" అన్నాడు.

"గాలి చెప్పి మారుతుందా బాబుగారూ? చూడకపోతే పొట్టంతా నా కళ్లలోనే పడుతుంది. మీ అన్నగార్లు పొట్టు వదలకుండానే చేట ఎత్తారు."

ఆమె వేసే నూకలు తినే పిచ్చుక అందుకుంది. "కిందిగాలి దక్షిణానికి, నడిమిగాలి పడమటికి, పైగాలి తూర్పుకు! మమ్మల్ని అడిగిందెవరు?"

మణిదత్తుడు లేచి నిలబడ్డాడు. "నాతో వస్తావా పైడమ్మా?"

"గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి. పదండి," అంది. చనిపోయిన తల్లి అల్లిన చేట, ఒక బస్తా పొట్టు వెంట తెచ్చుకుంది.

అతుకులేసిన బుడగ ఎక్కి, మంట పెంచుతూ కిందిగాలి దాటారు. నడిమిగాలి దాటారు. పైగాలి అందగానే తూర్పుకు సాగారు. ఒక సముద్రం, రెండు, మూడు, అలా ఆరు దాటారు. ఏడో సముద్రం మీద గడ్డి అయిపోయింది. బుడగ కిందికి జారుతోంది. పైడమ్మ పొట్టు వదిలింది. అది కొద్దిగా దిగీ దిగగానే పడమటికి కొట్టుకుపోయింది.

"నడిమిగాలి మన కాళ్ల కిందే ఉంది. అందులో పడితే వెనక్కే," అంది. మిగిలిన పొట్టంతా కుంపట్లో పోశారు. మణిదత్తుడు కత్తి విసిరేశాడు, కిరీటం విసిరేశాడు. చాలలేదు. పైడమ్మ చేటను ఒకసారి గుండెకు హత్తుకుని, విరిచి కుంపట్లో వేసింది.

"అయ్యో, అది మీ అమ్మది!"

"మా అమ్మ ఉంటే తనే వేసేది బాబుగారూ," అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆ మంటకు బుడగ లేచింది, కొండకొమ్ము అందింది. మణిదత్తుడు పంజరం లాక్కున్నాడు. ఆ పక్కనే మధ్యాహ్నపు కునుకులో ఉన్న కరాళుడు లబోదిబోమంటూ లేచాడు.

"ముందు మా అమ్మ మీద మంత్రం తీసెయ్యి. తర్వాత తిరుగుదారికి ఎండుకట్టెలు కొట్టు," అన్నాడు మణిదత్తుడు. ప్రాణం పంజరంలో ఉన్నవాడు కాదంటాడా? మంత్రం తీసేశాడు, చెమటలు కక్కుతూ కట్టెలూ కొట్టాడు.

ఈసారి చిలుక పంజరంతో సహా నడిమిగాలిలోకే దిగారు. రెండోవాణ్ణి వడియాల్లో పడేసిన ఆ గాలే వాళ్లను పున్నమి పొద్దుకు కోటకు చేర్చింది. రాణి గుమ్మంలో నిలబడి ఉంది. "బక్కచిక్కిపోయావురా నాయనా!" అంది. మణిదత్తుడు అమ్మను వాటేసుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

వాళ్లిద్దరి పెళ్లికి రాజు పైడమ్మకు బంగారుచేట ఇచ్చాడు. మణిదత్తుడు మాత్రం మేదరుల దగ్గర కూర్చుని, వేళ్లు కోసుకుంటూ, రెండు పాడుచేసి మూడోది తనే అల్లాడు. అదీ వంకరే. బంగారుచేట అటకెక్కింది. వాళ్లు రాజ్యమేలిన అరవై ఏళ్లూ పైడమ్మ చిలుకకు గింజలు చెరిగింది ఆ వంకర చేటతోనే.