త్రేన్చని సీసా

పిల్లలూ, మీరున్న చోట ఈ కథ ఎవరికీ తెలియదు. మీకు చెప్పేవాళ్ళు లేరు కాబట్టి నేనే చెబుతాను. ముందు ఒక మాట. ఇందులో అల్లం బీరు వస్తుంది. పేరు విని కంగారు పడకండి. అల్లం, నిమ్మరసం, పంచదార నీళ్ళలో వేసి పులియబెడతారు. దాన్ని సీసాల్లో పోసి బిరడా బిగిస్తే, కొన్నాళ్ళకు దానంతట అదే గ్యాసు పుట్టించుకుంటుంది. తీయగానే బుస్సుమంటుంది. మత్తు ఉండదంటారు. నాకు రూఢిగా తెలియదు కనుక మీకు ఒక్క గుటకే. సీసాలు ఒక్కోసారి పేలతాయి కూడా, పెద్దవాళ్ళు పక్కన లేకుండా ముట్టుకోకండి. ఇక కథ.

గేటుపాలెంలో రైల్వే గేటు పక్కన ముగ్గురు తెలివైనవాళ్ళు ఉండేవారు. తెలివైనవాళ్ళని ఎవరన్నారంటే, వాళ్ళే అన్నారు. ఇంటి ముందు బోర్డు కూడా పెట్టుకున్నారు: 'ఇది తెలివైనవాళ్ళ ఇల్లు. సందేహాలు ఎవరివి వారే తెచ్చుకోవలెను.' పెద్దాయన కోదండం, ఆయన భార్య మాణిక్యం, తమ్ముడు గవర్రాజు.

కిందటేడు వీళ్ళు తిరునాళ్ళలో అమ్ముదామని అల్లం బీరు చేశారు. గ్యాసు వచ్చిందో లేదో చూద్దామని రోజుకు మూడుసార్లు బిరడాలు తీశారు. బుస్సుమనగానే "వచ్చింది, వచ్చింది!" అని చప్పట్లు కొట్టి మళ్ళీ మూశారు. ఇంకేముంది, తిరునాళ్ళ నాటికి చప్పబడిన కషాయం మిగిలింది. అప్పటినుంచి ఊళ్ళో వాళ్ళను చప్పిడోళ్ళు అంటున్నారు. పాలవాడు కూడా "చప్పిడోళ్ళ గిన్నె పట్రండి" అనే పిలుస్తాడు.

ఈ ఏడు తిరునాళ్ళ పెద్ద వరహాలయ్య గారు పిలిచి చెప్పారు. "ఇదే ఆఖరిసారి కోదండం. ఆదివారం నా ముందు సీసా తీయి. బుస్సుమందా, షర్బత్తుల కొట్టు నీది, చప్పిడోళ్ళన్నవాడి నోరు నేను మూయిస్తా. అనలేదా, రేషను కార్డు మీద కూడా అదే పేరు రాయిస్తా."

ముగ్గురూ పక్కింటి రోజమ్మ టీచరుగారి దగ్గరికి పరిగెత్తారు. ఆవిడ ప్రతి క్రిస్మసుకీ అల్లం బీరు చేస్తుంది. పాపం, ఆవిడ డోర్నకల్ వెళ్ళే రైలు కోసం పెట్టె సర్దుకుంటోంది.

"సీసాకి అర చెంచా పంచదార. పైన రెండు వేళ్ళు వదలండి. బిరడా బిగించండి. కదపకండి, గాలి తగలనివ్వకండి. వారం రోజులు పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకోండి. అంతే!" అంది.

అంతే కదా అని ఇంటికొచ్చారు. పన్నెండు సీసాలు కడిగారు. చేతులు కూడా కడుక్కున్నారు, ఆ విషయంలో వాళ్ళను తప్పు పట్టలేం. కోదండం రంపం తెచ్చి ఆరు చెంచాలను పన్నెండు అరలుగా కోశాడు. ఒక్కో సీసాలో అర చెంచా, దాని మీద పంచదార.

"చెంచాలన్నీ పోయాయి కదండీ, రేపు ఉప్మా ఎలా తింటాం?" అంది మాణిక్యం.

"పేరు ముఖ్యమా, ఉప్మా ముఖ్యమా?" అన్నాడు కోదండం.

తర్వాత మొదటి సీసాలో అల్లం నీళ్ళు పోశాక, గవర్రాజు అందులో రెండు వేళ్ళు దూర్చి అక్కడే వదిలాడు.

"మిగతా పదకొండు సీసాలకో అన్నయ్యా?"

"టీచరుగారు రెండు వేళ్ళన్నారు. ఇరవై నాలుగు అన్నారా? ఒక్క దాంట్లో పెట్టావు, చాలు."

మిగతావి మూతి దాకా నింపి బిరడాలు బిగించారు. సాయంత్రానికి గవర్రాజు వేళ్ళు ఉబ్బి సీసా మెడకు అతుక్కుపోయాయి. లాగుదామంటే కదపకూడదాయె. ఇంకేముంది, వారం రోజులూ అతను గూట్లో దీపంలా ఒకేచోట కూర్చున్నాడు.

ఇక పెంపకం మొదలైంది. బాలింత గదిలా తలుపులు, కిటికీలు బిగించి గడియలు వేశారు. పదకొండు సీసాలకూ ఉన్ని టోపీలు తొడిగి, దిష్టి చుక్కలు పెట్టి, సాంబ్రాణి పొగ వేశారు. గవర్రాజు కూడా కదలకుండా ఉన్నాడు కాబట్టి అతనికీ ఒక టోపీ, ఒక చుక్క. మాణిక్యం రాత్రీ పగలూ జోల పాడింది.

మూడో రోజున ఆవిడ ముఖం పాలిపోయింది. "ఏమండీ, పిల్లలు కడుపు నిండా పంచదార తాగారు. ఒక్కడూ త్రేన్చలేదు!"

"అయ్యో! త్రేన్చకపోతే గ్యాసు పట్టేస్తుందే!"

అంతే. కోదండం ఒక్కో సీసానూ భుజాన వేసుకుని వీపు తట్టాడు. మాణిక్యం బిరడా వదులు చేసింది. బుస్స్!

"త్రేన్చాడు నా తండ్రి!" అని దిష్టి తీసి పడుకోబెట్టింది. పూటకోసారి పదకొండింటినీ త్రేన్పించారు. శనివారానికి ఒక్కటీ నోరు మెదపలేదు.

"ఎంత బుద్ధిమంతులో చూడండి. కడుపులో కాస్త గ్యాసు కూడా లేదు," అని మురిసిపోయింది మాణిక్యం.

ఆదివారం ఊరంతా వరహాలయ్య గారి అరుగు ముందు చేరింది. కోదండం మొదటి బిరడా తీశాడు. చప్పుడు లేదు. రెండోది. లేదు. పదకొండోది కూడా తీసి, చెవి దగ్గర పెట్టుకుని, వరహాలయ్య గారికేసి చూశాడు. "పడుకున్నారండి," అన్నాడు మెల్లగా.

ఆయన గుమాస్తాను పిలిచారు. "రేషను కార్డు పట్రా."

మాణిక్యం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు గుంపు వెనక నుంచి టోపీతో, చుక్కతో, చేతికి సీసాతో గవర్రాజు వచ్చాడు.

"వీడొకడున్నాడండి. వీడు వారం నుంచి త్రేన్చలేదు. కక్కుకుంటాడేమోనని భయంగా ఉంది."

కోదండం సీసాను, గుమాస్తా గవర్రాజును పట్టుకుని లాగారు. ఢాం! నురగ లేచి వరహాలయ్య గారి తలపాగా ఎగిరిపోయింది. ఆయన మీసాలు నాకి చూసుకున్నారు. అల్లం ఘాటు, తీపి, జివ్వుమనే గ్యాసు. గ్లాసులో వంపుకుంటే టంగుమని అర చెంచా పడింది.

"మిగతా సగం ఏది?"

"పక్క సీసాలో ఉందండి. తమకు కావాలా?"

ఆయన పడీ పడీ నవ్వారు. "కొట్టు మీదే! ఇవాళ్టినుంచి వీళ్ళను చప్పిడోళ్ళన్నవాడికి తిరునాళ్ళలో జిలేబీ లేదు. కోదండం, వచ్చే వారానికి ముప్ఫై సీసాలు. సరిగ్గా ఇలాగే చేయి. ఏదీ మార్చకు!"

ఇంకేముంది, ఇంటికి వెళ్ళి లెక్క చూసుకున్నారు. సీసాకి రెండు వేళ్ళు. ముప్ఫై సీసాలకి అరవై. ముగ్గురి చేతులూ కలిపితే ముప్ఫై. ముగ్గురూ దిగాలుపడ్డారు. అప్పుడు మాణిక్యం కిందికి చూసి కేక పెట్టింది. "కాళ్ళకీ ఉన్నాయి కదండీ!" చివరి సీసాలో వేళ్ళు ఎలా దూర్చుకున్నారని అడగకండి. నేనూ చిన్నప్పుడు అడిగాను, నాకూ చెప్పలేదు.

నాలుగో రోజు రోజమ్మ టీచరుగారు డోర్నకల్ నుంచి వచ్చి తలుపు కొట్టింది. "కోదండం! తలుపు తీయి!"

లోపల ముగ్గురి కాళ్ళూ చేతులూ సీసాల్లోనే ఉన్నాయి. కోదండమే తేల్చాడు.

"టీచరుగారూ, మేం కదలకూడదండి. మీరు ఖాళీగానే ఉన్నారు కదా, లోపలికి వచ్చి గడియ తీసి, మళ్ళీ బయటికి వెళ్ళి తలుపు కొట్టండి!"

పిల్లలూ, ఈ కథ మీ దగ్గరే బిగించి పెట్టుకోకండి. రేపు మీ పక్క బల్ల మీద కూర్చునే పిల్లలకు చెప్పండి. వాళ్ళ భాషలో చెప్పినా ఫరవాలేదు. 'త్రేన్చాడు నా తండ్రి' మాత్రం తెలుగులోనే అనండి.