నూకయ్య ముడి

అనగనగా, మా ఏటికి ఇంకా ఎవరూ పేరు పెట్టని రోజుల్లో, ఆ ఏటి రేవులో నూకయ్యని ఒకాయన ఉండేవాడు. ఊరందరి బట్టలూ ఉతికేవాడు. ఆయన భార్య పైడమ్మ. ఆయన బండమీద బాదితే ఆవిడ ఇసకలో ఆరేసేది. పిల్లల్లేరు. ఒక గాడిద ఉండేది. బట్టలు ఉడకబెట్టే బాన ఒకటి ఉండేది. ఆయనకి ఆవిడ, ఆవిడకి ఆయన. అంతే.

నూకయ్యకి బట్ట చూస్తే ఇల్లు తెలిసిపోయేది. ఎవరింట్లో పురుడొచ్చిందో, ఎవరింట్లో జ్వరమో, ఎవరు ఏడ్చి పైటతో కళ్ళు తుడుచుకున్నారో, అన్నీ తెలిసేవి. ఎవరికీ చెప్పేవాడు కాదు. "రేవు సూసింది రేవులోనే ఉండాల" అనేవాడు.

ఒక ఏడు పైడమ్మకి రొమ్ములో గడ్డ లేచింది. రేగుపండంత ఉన్నది నిమ్మకాయంత అయింది. నిమ్మకాయంత ఉన్నది పుండయింది. రాచపుండన్నారు. ఆ పేరు పైకి అనడానికి కూడా జనం భయపడేవాళ్ళు.

మూడు కొండలు దాటితే అవతల ఒక ముసలి వైద్యుడు. నూకయ్య పైడమ్మని గాడిదమీద కూర్చోబెట్టి మూడు కొండలూ దాటించాడు. వైద్యుడు కోశాడు. కాల్చాడు. పసరు పోశాడు. మూడు నెలలు అక్కడే ఉంచుకున్నాడు. పైడమ్మ చిక్కి పుల్లయిపోయింది గానీ పుండు మానింది.

తిరిగొచ్చేటప్పుడు వైద్యుడు గుమ్మందాకా వచ్చాడు.

"మాను నరికేను నూకయ్యా. వేరు ఎక్కడన్నా మిగిలిందో నేదో నాకు తెల్దు. కనిపెట్టుకోనుండు."

"ఎన్నాళ్ళు బాబూ?"

"ఉన్నన్నాళ్ళూ."

ఆ మాట నూకయ్య మూటలో కట్టుకున్నట్టు తెచ్చుకున్నాడు. పుండు పైడమ్మ ఒంట్లోంచి పోయి నూకయ్య కళ్ళలో కూర్చుంది.

పొద్దున్నే లేచి నాలుక చూపించమనేవాడు. గోళ్ళు చూసేవాడు. మెడ కింద, చంకలో వేళ్ళు పెట్టి తడిమేవాడు.

"నాను ఎద్దునేటి మావా? సంతలో కొంటన్నావేటి?" అని పైడమ్మ నవ్వేది.

ఆయన నవ్వేవాడు కాదు. "ఏటన్నా ఉందేటే?" అనేవాడు.

"ఏట్నేదు మావా."

ఆర్నెల్లయింది. ఒక రోజు పైడమ్మ అన్నం సగంలో వదిలేసింది. మర్నాడూ వదిలేసింది.

"ఏటయ్యిందే?"

"ఏట్నేదు మావా."

ఆయన వింటే కదా. మూడు కొండలు ఎక్కించాడు, మూడు కొండలు దించాడు. వైద్యుడు కళ్ళు చూశాడు, పొట్ట నొక్కాడు. "పైత్యం. పులుపు తగ్గించు" అన్నాడు. అంతే. తిరిగొచ్చారు.

ఊళ్ళో పెద్దింటి సూరమ్మని ఒకావిడ ఉండేది. నోరు మంచిది కాదు. నూకయ్య బట్టలకి వెళ్తే అరుగుమీంచే అందుకుంది.

"ఏటోయ్ నూకయ్యా, పెళ్ళాం రెండు ముద్దలు మానిందని కొండలెక్కినావంట! రేపు తుమ్మితే కాశీ ఎల్తావేటి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నూకయ్య మూట ఎత్తుకుని వచ్చేశాడు.

మరో ఏడాది గడిచింది. గాడిద చచ్చిపోయింది. ఆ ఎండాకాలమే పైడమ్మ చంకలో ఉసిరికాయంత గడ్డ తగిలింది నూకయ్య వేళ్ళకి. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏట్నేదు మావా" అంది పైడమ్మ. ఈసారి నవ్వలేదు.

మిట్టమధ్యాహ్నం ఆవిడని వీపున వేసుకుని బయల్దేరాడు. మూడు కొండలు ఎక్కాడు, మూడు కొండలు దిగాడు. రాళ్ళు కాలిపోతున్నాయి. కాళ్ళకి చెప్పుల్లేవు. వైద్యుడు గడ్డని నొక్కితే చీమొచ్చింది. "సెగ్గడ్డయ్యా. ఎల్లు ఇంటికి" అన్నాడు. నూకయ్య అక్కడే నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఊళ్ళో సూరమ్మ ఊరుకుంటుందా? "సెగ్గడ్డకీ కొండలే! ఆ పైడమ్మ రోగంతో సావదు, ఈడి బెంగతో సస్తాది" అంది.

ఇంటికొచ్చాక పైడమ్మ నీళ్ళు కాచి ఆయన కాళ్ళు కడిగింది. అరికాళ్ళు బొబ్బలెక్కి, చితికి, లోపలి ఎరుపు కనబడుతోంది. రెండు రోజులుగా ఆయన మెతుకు ముట్టలేదు. ఆ కాళ్ళని ఆవిడ చాలాసేపు చూసింది. 

ఇంకో ఏడాది గడిచింది.

ఈసారి ఏమీ లేదు. నాలుక బాగుంది. గోళ్ళు బాగున్నాయి. గడ్డల్లేవు. "ఏటన్నా ఉందేటే?" అంటే "ఏట్నేదు మావా" అని నవ్వుతూ చెప్పేది. నూకయ్యకి కొంచెం ధైర్యమొచ్చింది. కడుపునిండా తిన్నాడు. రేవులో పాట కూడా పాడాడు. చూసినవాళ్ళు "నూకయ్య ఒళ్ళు చేశాడే" అనుకున్నారు.

ఒక రోజు పైడమ్మ నీళ్ళకి వెళ్ళింది. ఇంటి బట్టలు ఎప్పుడూ ఆవిడే ఉతికి ఆరేసేది. ఆ రోజు మబ్బు పట్టిందని, ఆవిడ ఉతికి పెట్టుకున్న కోకని నూకయ్యే దులిపి పరిచాడు. ఎర్రమట్టి రంగు కోక. కొంగు చివర మాత్రం జానెడు మేర తెల్లగా వెలిసిపోయి ఉంది.

ఊరందరి బట్టలూ చదివినవాడు సొంత ఇంటి బట్టని ఎన్నడూ చూడలేదు.

వేళ్ళతో తడిమాడు. ఏ బట్ట ఎన్ని ఉతుకులకి ఎంత వెలుస్తుందో ఆయనకి తెలుసు. ఇది అరవై ఉతుకులు. రోజుకొకటి. రెండు నెలలు.

పైడమ్మ గట్టుమీద మెల్లిగా వస్తోంది. ఒక చెయ్యి కుండమీద, ఒక చెయ్యి నడుంమీద.

"పైడీ. రగతం ఎప్పట్నుంచే?"

"ఏట్నేదు మావా."

"కొంగు సెప్తంది."

పైడమ్మ కుండ దించింది. ఇసకలో కూర్చుంది.

"దగ్గితే వస్తంది. నడుం కూడా పీకేస్తంది. నువ్వు బట్టలకి ఇళ్ళమీదకి ఎల్లినప్పుడు ఉతికేసుకునేదాన్ని."

"నాకెందుకు సెప్పనేదే?"

"నీ కాళ్ళు సూసి, మావా."

నూకయ్య ఆవిడని వీపున వేసుకున్నాడు. మూడు కొండలు ఎక్కాడు, మూడు కొండలు దిగాడు. దారిలో ఆవిడ బరువే తెలియలేదాయనకి. తడి ఆరిపోయిన బట్టలా ఉంది.

వైద్యుడు చూశాడు. 

"వేరు లోపలికి పాకింది నూకయ్యా."

"ముందే తెస్తే?"

"ముందే తెచ్చినా ఆపలేకపోదును. కానీ నొప్పికి ఆకు ఇచ్చుందును. ఈ రెండు నెలలూ ఈ పిల్ల నిద్దరోయేది."

ఆ మాట నూకయ్యని తిన్నట్టు ఆ రోగం కూడా ఎవర్నీ తినలేదంటారు.

ఆకు తెచ్చుకున్నారు. పైడమ్మ పున్నమి నుంచి అమాస దాకా ఉంది. ఆకు రసం తాగి నిద్రపోయేది. లేచినప్పుడు నూకయ్య పక్కనే ఉండేవాడు. నాలుక చూడలేదు. గోళ్ళు చూడలేదు.

"ఇలా కూకుంటే బాగుంది మావా" అందావిడ. "నువ్వు ఎతుకుతుంటే దాసబుద్దయ్యేది. కూకుంటే సెప్పబుద్దవుతంది."

అమాసనాడు పోయింది. ఆవిడమీద ఆ కోకే కప్పాడు.

మూడు రోజులు రేవులో బండ చప్పుడు లేదు. నాలుగో రోజు నూకయ్య ఇంటింటికీ వెళ్ళాడు. మూట ఎత్తుకోలేదు. గుమ్మంలో నిలబడి ఒకటే మాట చెప్పాడు.

"తల్లీ, నోటితో సెప్పలేని బాధ ఉంటే బట్ట కొంగుకి ముడెయ్యండి. నాను ఏటీ అడగను. వొచ్చి కూకుంటాను."

కొందరు జాలిపడ్డారు. కొందరు నవ్వారు. సూరమ్మ "పెళ్ళాం పోయి మతి పోనాది ఈడికి" అంది.

వానాకాలం వెళ్ళింది. చలి వచ్చింది. ఎవరూ ముడి వెయ్యలేదు. ఒక రోజు మూట విప్పితే ఒక నీలం అంచు చీర కొంగుకి ముడి ఉంది. గట్టి ముడి. మూడు చుట్లు తిప్పి వేసింది. అంచు చూడగానే తెలిసింది నూకయ్యకి. పెద్దింటి సూరమ్మది.

చీర ఉతికాడు. ముడి విప్పలేదు. ఆరాక మడతపెట్టి చేతుల్లో పట్టుకుని వెళ్ళాడు. అరుగుమీద, ఆవిడ పక్కన చీర పెట్టాడు. తను మెట్టుమీద కూర్చున్నాడు. అడగలేదు. సూరమ్మ వీధిలోకి చూస్తూ కూర్చుంది. ఎండ ఆ గోడమీంచి ఈ గోడమీదకి వచ్చింది. అప్పుడు సూరమ్మే ముడి విప్పింది.

"నాకూ గడ్డ ఉంది నూకయ్యా. ఏడాదయ్యింది. ఎవరికీ సెప్పనేదు."

"ఎల్దాం తల్లీ" అన్నాడు నూకయ్య.

ఆ కొండలే మళ్ళీ ఎక్కాడు. సూరమ్మ ఆ తర్వాత మూడేళ్ళు బతికిందని కొందరంటారు. ఒక్క ఏడేనని కొందరు. ఎన్నేళ్ళయినా ఆకు రసంతో ఆవిడ రాత్రుళ్ళు హాయిగా నిద్రపోయిందని మాత్రం అందరూ చెప్తారు.

నూకయ్య ముసలాడై పోయినప్పుడు ఆయన మీద కప్పడానికి ఊరు తెల్లబట్ట తెచ్చింది. ఇంటికొకళ్ళు వచ్చి ఆ బట్ట అంచుకి ముడి వేశారు. అంచు చాలక ఇంకో బట్ట తెచ్చారు.

ఇప్పటికీ మా వైపు, పెద్ద రోగం తగ్గి ఇంటికొచ్చిన మనిషిని రోజూ నాలుక చూపించమనరు. పక్కన కూర్చుంటారు. చెప్పలేనివాళ్ళు కొంగుకో, తువ్వాలుకో ముడి వేస్తారు. దాన్ని నూకయ్య ముడంటారు. చూసినవాళ్ళు అది విప్పకూడదు. వేసినవాళ్ళే విప్పాలి. అందాకా కూర్చోవాలి.

ఇంట్లో ఎవరన్నా "ఏట్నేదు" అంటే, మా అమ్మమ్మలు మొహం చూడరు. ముందు కొంగు చూస్తారు.

కథ ఏటిలో ఉతికాను, ఇసకలో ఆరేశాను. మడత మీరు పెట్టుకోండి.